పని చోట మనిషికి మర్యాద: పాలమూరు, నల్లగొండ కూలి నుంచి ఆఫీసు దాకా

కలెక్టరాఫీసు మొదలు కాలేజీ స్టాఫ్‌రూం దాకా ఇప్పుడు ‘పని సంస్కృతి’ అనే మాట బాగా చలామణీ అవుతోంది. ఉద్యోగులకు ఉత్సాహం కలిగించాలట, ఒత్తిడి తగ్గించాలట, అందరూ ఒక కుటుంబం లెక్క మెలగాలట. దానికోసం హైదరాబాదు నుంచి శిక్షకులు వస్తారు. పొద్దున ఉపన్యాసం, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం కండ్లు మూసుకుని శ్వాస పీల్చి వదిలే కార్యక్రమం. ఇందులో తప్పు పట్టవలసింది ఏమీ లేదు. కాని ఈ శిక్షణల్లో కొన్ని ప్రశ్నలు ఎన్నడూ రావు. ఇక్కడ ఎవరు ఎవరిని ‘రా’ అంటున్నారు, ఎవరు ఎవరిని ‘అండీ’ అంటున్నారు? అన్నం డబ్బా ఎవరు ఎవరితో పంచుకుంటున్నారు? స్వీపర్లు, అటెండర్లు, వంటవాళ్లు ఏ వాడల నుంచి వచ్చారు? ఈ దేశంలో పని గురించి మాట్లాడుతూ ఇవి అడగకపోతే, చేదబావి గురించి మాట్లాడుతూ దాన్లో నీళ్లు చేదుకునే హక్కు ఎవరికి ఉందో అడగనట్టే. ఇక ‘ఒక కుటుంబం’ అన్న మాట వింటే మాలమాదిగలకు నవ్వు రాక మానదు. మన ఊళ్లలో కుటుంబం అంటేనే కులం కదా.

మొదట ఒత్తిడి సంగతి చూద్దాం. ఒత్తిడి అనగానే పెద్ద కుర్చీలో కూర్చున్న వాడికి వచ్చే జబ్బు అని ఒక నమ్మకం ఉంది. పెద్ద బాధ్యతలు, పెద్ద నిర్ణయాలు, పెద్ద రక్తపోటు అనుకుంటాం. బ్రిటన్‌లో ప్రభుత్వ ఉద్యోగుల మీద 1967లో మొదలైన వైట్‌హాల్ అధ్యయనం ఈ నమ్మకాన్ని తలకిందులు చేసింది. పై అంతస్తు అధికారుల కంటే అట్టడుగు గ్రేడు ఉద్యోగుల్లో గుండెజబ్బు చావులు సుమారు మూడు రెట్లు ఎక్కువ అని అందులో తేలింది. సిగరెట్లు, కొవ్వు, రక్తపోటు లెక్కలోకి తీసుకున్నా తేడా పూర్తిగా పోలేదు. మైకేల్ మార్మట్, ఆయనతో పనిచేసినవాళ్లు 1985లో రెండో అధ్యయనం మొదలుపెట్టి ఆడవాళ్లను కూడా చేర్చారు. తన పనిని ఎట్లా చేయాలో, ఎప్పుడు చేయాలో చెప్పుకునే అధికారం లేకపోవడం ఒక ముఖ్యమైన కారణంగా బయటపడింది. అమెరికాలో రాబర్ట్ కారాసెక్ 1979లోనే ఇంచుమించు ఈ మాటే అన్నాడు. పని బరువు ఒక్కటే మనిషిని కుంగదీయదు. బరువు ఎక్కువగా ఉండి, దాని మీద తన చెయ్యి ఏమీ లేకపోతేనే మనిషి కుంగిపోతాడు. తరవాత జర్మనీలో జోహన్నెస్ సీగ్రిస్ట్ ఇంకో ముక్క చేర్చాడు. పెట్టిన చాకిరికి తగిన జీతం, గౌరవం, భద్రత రాకపోతే శరీరం ఆ లెక్కను రాసి పెట్టుకుంటుంది.

వీళ్లెవరూ కులం గురించి రాయలేదు. కాని చాకిరి ఎక్కువ, అధికారం సున్న, ప్రతిఫలం ఈసడింపు అనే ఈ మూడింటిని కలిపి చూడండి. మన పల్లెల్లో దానికి తరతరాల నుంచి ఒక పేరుంది. ఎట్టి.

నిజాం రాజ్యంలో, ముఖ్యంగా నల్లగొండ జిల్లాలో, ఎట్టిచాకిరి ఒక పూర్తి వ్యవస్థ. మాదిగ కుటుంబం వంతుల ప్రకారం ఒక మనిషిని పంపాలి. దొర గడి ఊడ్వాలి, కట్టెలు కొట్టాలి, అధికారులు వస్తే సామాన్లు మోయాలి, కబురు మోసుకుని ఊరూరికీ ఉరకాలి, చెప్పులు కుట్టి ఇవ్వాలి, మోటకు తోలుబొక్కెన తయారు చేయాలి. చాకలి, మంగలి, కుమ్మరి కులాల మీద కూడా వాళ్ల వాళ్ల ఎట్టి ఉండేది. కాని అన్నిటికంటె కింద పడింది మాలమాదిగల మీద. పనివేళ అని ఒకటి లేదు, కూలి అని ఒకటి లేదు. ఇంట్లో చావు జరిగినా గడి నుంచి పిలుపు వస్తే పోవాలి. 1944లో భువనగిరిలో జరిగిన ఆంధ్ర మహాసభ ఎట్టికి ఎదురు నిలబడటమూ, 1946 నుంచి 1951 దాకా నడిచిన సాయుధ పోరాటానికి ఎట్టి ఒక పెద్ద కారణం కావడమూ అందరికీ తెలిసిన చరిత్రే. ఆ చరిత్రలో భూమి గురించి చాలా రాశారు. పని చోట ‘బాంచెన్ దొరా, నీ కాల్మొక్త’ అనే మాట పోవాలన్న ఆరాటం గురించి అంతగా రాయలేదు.

ఎట్టిలో ఉత్సాహం ఉంటుందా అని అడగడమే వెర్రి. అందులో నడిపించేది భయం. భయంతో చేసే మనిషి దెబ్బ పడకుండా ఉండటానికి ఎంత కావాలో అంతే చేస్తాడు. దీన్ని ‘సోమరితనం’ అని పేరు పెట్టి మళ్లీ ఆ కులం నెత్తిన రుద్దడం మన పెద్దకులాల పాత తెలివి. 1936 నాటి కులనిర్మూలన ప్రసంగపాఠంలో అంబేద్కర్ ఈ విషయాన్ని సూటిగా పట్టుకున్నాడు. లాహోరులో జాత్‌పాత్ తోడక్ మండల్ సభ కోసం రాసి, నిర్వాహకులు వెనక్కి తగ్గడంతో చదవకుండానే అచ్చయిన పాఠం అది. కులం పనిని విభజించడంతో ఆగదు, పనిచేసే వాళ్లనే మెట్లు మెట్లుగా విడదీస్తుంది అన్నది అందరం చెప్పుకునే వాదం. దాని పక్కనే ఇంకో వాదం ఉంది, దాన్ని తక్కువగా చెప్పుకుంటాం. మనిషి తన ఇష్టంతో, తన శక్తిని బట్టి ఎంచుకోని పనిలో, పైగా లోకం నీచమని ముద్ర వేసిన పనిలో, మనసు పెట్టలేడు. ఎప్పుడు తప్పించుకుందామా అని చూస్తాడు. మనసూ బుద్ధీ రెండూ లేని చోట సమర్థత ఎక్కడి నుంచి వస్తుంది? ఈ రోజుల్లో మేనేజిమెంటు పాఠాల్లో ‘ప్రేరణ’ అని పేజీలకు పేజీలు చెప్పే సంగతి అంబేద్కర్ ఆ నాలుగు ముక్కల్లోనే చెప్పాడు. దాంతోపాటు మేనేజిమెంటు పాఠాలు చెప్పని కారణాన్ని కూడా చెప్పాడు.

అంబేద్కర్‌ది ఒట్టి సిద్ధాంతం కాదు. బొంబాయి బట్టల మిల్లుల్లో నేత ఖాతాలో జీతం ఎక్కువ. అక్కడికి అంటరాని కులాల కార్మికులను రానిచ్చే వాళ్లు కాదు. దారం తెగితే నోటి తడితో కలపాలి కాబట్టి మైలపడతామని సవర్ణ కార్మికుల అభ్యంతరం. 1928 సమ్మె రోజుల్లో అంబేద్కర్ ఈ సంగతిని కార్మిక నాయకుల ముందు పెట్టాడు. మిల్లు యజమానితో పోట్లాడే కార్మికుడు పక్క కార్మికుడి ఉమ్మికి భయపడుతున్నాడు! 1938లో మన్మాడ్‌లో దళిత రైల్వే కార్మికుల సభలో బ్రాహ్మణవాదం, పెట్టుబడిదారీతనం రెండూ శత్రువులే అని ఆయన చెప్పింది ఈ అనుభవం మీదనే. 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్లో కార్మిక శాఖ ఆయన చేతిలో ఉంది. వారానికి 48 గంటల పనివేళ 1946 ఫ్యాక్టరీల చట్ట సవరణతో వచ్చింది. సెలవు, వేళ, వైద్యం లాంటి వాటిని దయగా కాకుండా హక్కుగా అడగడం మనకు నేర్పింది ఆ కాలమే.

ఇప్పుడు పాలమూరుకు వద్దాం. మహబూబ్‌నగర్ జిల్లా 2016లో, తరవాత 2019లో ముక్కలై ఇప్పుడు ఐదు జిల్లాలుగా ఉంది. పేరు మారినా వలస దారి మారలేదు. నారాయణపేట, కోస్గి, మద్దూరు వైపు నుంచి ముంబయి, పుణెలకు, మిగతా తాలూకాల నుంచి దేశమంతటా డ్యాముల కాడికి, కాలువల కాడికి, రోడ్ల కాడికి పోయిన మనుషులను ‘పాలమూరు లేబర్’ అని కాంట్రాక్టర్లు ఒక సరుకు పేరు లాగ పిలిచారు. గట్టి రాయి, గట్టి మనిషి అని మెచ్చుకోలు కూడా కలిపారు. ఈ మెచ్చుకోలు వెనక ఏముందో చూడాలి.

మేస్త్రీ పద్ధతి నడక ఇట్లా ఉంటుంది. కంపెనీ పెద్ద మేస్త్రీతో మాట్లాడుకుంటుంది. పెద్ద మేస్త్రీ కింద ఊళ్లలో చిన్న మేస్త్రీలు. చిన్న మేస్త్రీ ఎవరో పరాయివాడు కాడు, చాలాసార్లు మన వాడోడే, మన చుట్టమే. వానలు ఎనకబడ్డ ఏడు, పెండ్లి, దవాఖాన, పాత బాకీ, ఇట్లా ఏదో ఒక అవసరం దగ్గర మేస్త్రీ అడ్వాన్సు ఇస్తాడు. ఆ రోజు అతను దేవుడు. తరవాత గుంపు కదులుతుంది. సైటు మీద రేకుల డేరాలు, పొద్దు పొడవక ముందే పని. తిండి గింజలు, చిల్లర ఖర్చులు మేస్త్రీ ఇస్తాడు, రాసుకుంటాడు. పని మాన్పిన రోజులు, జ్వరం వచ్చిన రోజులు కోత. కూలి ఎంత అన్నది నెలనెలా చేతికి రాదు, సీజను చివర లెక్కలో తెలుస్తుంది. లెక్క పుస్తకం మేస్త్రీది. బాకీ మిగిలితే మళ్లీ ఏడు కూడా అదే గుంపు.

ఇక్కడ మనిషిని నలగగొట్టేది గడ్డపార బరువు అనుకుంటే పొరపాటు. అడ్వాన్సు తీరేదాకా వదిలి పోలేకపోవడం, తన కూలి లెక్క తనకు తెలియకపోవడం, తిట్టిన వాడికి జవాబు చెప్పలేకపోవడం ఇవి మూడూ ఆ బరువుకు తోడవుతాయి. కారాసెక్ చెప్పిన సూత్రానికి ఇంతకంటె మంచి ఉదాహరణ ఏ ఫ్యాక్టరీలో దొరుకుతుంది? పని వదిలి పోయే స్వేచ్ఛ ఉన్న మనిషిని మేస్త్రీ కొంచెం జాగ్రత్తగా పిలుస్తాడు. ఆ స్వేచ్ఛ లేని వాడిని ‘ఒరేయ్’ అంటాడు. అంటే మర్యాద అనేది మాటల శిక్షణతో వచ్చేది తక్కువ, బాకీ తెగడంతో వచ్చేది ఎక్కువ.

చట్టాలు లేవా? ఉన్నాయి. రాజ్యాంగం 23వ అధికరణం ఎట్టిని నిషేధించింది. 1976లో వెట్టిచాకిరి నిర్మూలన చట్టం అడ్వాన్సు బాకీ మీద చేయించుకునే చాకిరిని నేరం చేసింది. ఏషియాడ్ స్టేడియంల కూలీల మీద ప్రజాస్వామిక హక్కుల సంఘం వేసిన కేసులో 1982లో సుప్రీంకోర్టు ఒక గొప్ప మాట చెప్పింది. కనీస వేతనం కంటె తక్కువకు చేయించుకుంటే అది కూడా బలవంతపు చాకిరే, ఎందుకంటే ఆకలి కూడా ఒక బలవంతమే. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం పాసుబుక్కు ఇవ్వాలంది, ఊరు విడిచి పోతున్నందుకు సగం నెల కూలి తిరిగి తీసుకోని భత్యంగా ఇవ్వాలంది. అది ఎంతమందికి అందిందో పాలమూరులో ఏ వాడలోనైనా అడిగి చూడండి. 2025 నవంబరు 21 నుంచి నాలుగు కార్మిక కోడులు అమలులోకి వచ్చాయి, ఆ పాత చట్టం అందులో కలిసిపోయింది. కొత్త కోడులో ఏడాదికి ఒకసారి ఊరికి పోయి రావడానికి చార్జీ అన్నారు, ఊరు విడిచినందుకు ఇచ్చే ఆ భత్యం మాత్రం మాయమైంది. కార్యకర్తలు ఈ తేడాను కూలీలకు విడమరచి చెప్పవలసి ఉంది.

ఇంత చీకటి చెప్పిన తరవాత వేరే అనుభవం ఒకటి చెప్పాలి. అది ఉపాధి హామీ పని. 2006 ఫిబ్రవరిలో ఆ పథకం మొదటి విడతలోనే మహబూబ్‌నగర్, నల్లగొండ రెండూ ఉన్నాయి. దళితులు, ఆదివాసులు, ఆడవాళ్లు ఎక్కువగా వచ్చిన ఈ మట్టిపనిలో, మన పల్లెల్లో మొదటిసారి, పని చోటు ఎట్లా ఉండాలో చట్టంలో రాసి పెట్టారు. తాగేనీళ్లు, నీడ, దెబ్బ తగిలితే మందుల పెట్టె ఉండాలి. ఆరేండ్ల లోపు పిల్లలు ఐదుగురు గాని అంతకంటె ఎక్కువ గాని వస్తే వాళ్లను చూసుకోవడానికి ఒక ఆడమనిషిని పెట్టి ఆమెకు అదే కూలి ఇవ్వాలి. ఆడామగకు ఒకటే రేటు. మన రాష్ట్రంలో దీనికి తోడు శ్రమశక్తి సంఘాలు పెట్టారు. కూలీలు తమకు పడ్డ వాళ్లతో గుంపు కట్టుకుని, తమలోనే ఒక మేట్‌ను ఎన్నుకోవాలి. ఎండకాలం భూమి గట్టిపడుతుంది కాబట్టి ఆ నెలల్లో కొలతకు అదనపు భత్యం కలిపారు. దొర కిందా మేస్త్రీ కిందా చేసిన మనుషులకు ఇవి చిన్న సంగతులు కావు. కొలత ప్రకారం కూలి గనక పొద్దున్నే చల్లటి పూట వచ్చి, కొలత పూర్తి చేసుకుని, ఎండ ముదరక ముందే ఇల్లు చేరొచ్చు. వేళ తన చేతిలో ఉంది. ‘ఉపాధి పని వచ్చినంక కూలోళ్లు మాట ఇంటలేరు’ అని రైతులు గొణిగింది దీనికే. మాట వినకపోవడం అనే ఆ స్థితిని మనం ఆత్మగౌరవం అంటాం.

సామాజిక తనిఖీ ఇంకో అడుగు. ఊరూరా రికార్డులు చదివి, కూలీని అడిగి, మండలంలో ప్రజావేదిక మీద అధికారుల ఎదుటనే లెక్క తేల్చారు. మైకు పట్టుకుని ‘నేను చేసింది ఇన్ని దినాలు, మీరు రాసింది అన్ని దినాలు’ అని ఒక మాదిగ ఆడమనిషి ఇంజనీరు మొఖాన అడగడం మామూలు విషయం కాదు. డబ్బు ఎంత వసూలైంది అన్న దాని మీద ఎన్నో విమర్శలు ఉన్నాయి, అవి సరైనవే. అయినా అడిగే వేదిక ఉండటం వేరు.

ఇక్కడ కులం పోయిందా అంటే పోలేదు. గుంపులు వాడల వారీగానే పడ్డాయి. నీళ్లు పోసే పని మాదిగ ఆడమనిషికి ఇస్తే కొందరు ఇంటి నుంచి సీసాలు తెచ్చుకుంటారు, ఎందుకు తెచ్చుకున్నారో ఎవరూ నోటితో చెప్పరు. ఇంకో సంగతి నల్లగొండకే ప్రత్యేకం. మర్రిగూడ, మునుగోడు, చండూరు ప్రాంతాల్లో తరతరాలు ఫ్లోరైడు నీళ్లు తాగిన కీళ్లు వంగవు, నడుము నిలవదు. కొలత రేటు మాత్రం ఆరోగ్యంగా ఉన్న మనిషిని లెక్కలో పెట్టుకుని కట్టింది. కృష్ణా నీళ్లు పైపుల్లో వచ్చినా, బిగుసుకున్న ఎముక తిరిగి సాగదు. అట్లాంటి మనిషికి కొలత పూర్తి కాక కూలి పడిపోతే, అది అతని సోమరితనమా? గుంపు మంచిదైతే మిగతావాళ్లు అతని వంతు తవ్వి పూడ్చారు. గుంపు మంచిది కాకపోతే అతన్ని కలుపుకోలేదు. పని చోట సంస్కృతి అంటే నా దృష్టిలో ఇదే, గోడకు వేలాడే సూక్తులు కాదు.

2023 జనవరి నుంచి హాజరు ఫోను ఆప్‌లోనే అన్నారు. రోజుకు రెండుసార్లు పని కాడ ఫొటో దిగాలి. కొలత పూర్తయినా రెండో ఫొటో దాకా ఎండలో కాచుకోవాలి, సిగ్నల్ లేకపోతే చేసిన పని కూడా లేనట్టే. వేళ కూలీ చేతిలో నుంచి మళ్లీ జారిపోయింది. దొంగ హాజరు ఆపడానికని చెప్పారు. కాని దొంగ హాజరు రాసింది కూలీలు కాదు కదా. 2025 డిసెంబరులో పార్లమెంటు ఈ పథకం చట్టం స్థానంలో ఇంకో చట్టం ఆమోదించింది. అందులో నీడ, నీళ్లు, పిల్లల సంరక్షణ, తనిఖీ ఎంత మిగులుతాయో చూసుకునే బాధ్యత సంఘాల మీద ఉంది.

బడులకు పోదాం. మన రాష్ట్రంలో 2003 నుంచి పిల్లలకు బడిలో వండి పెడుతున్నారు. వంటకు దళిత, ఆదివాసీ ఆడవాళ్లకు ప్రాధాన్యం ఇవ్వాలని 2004 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఒక చేతి వంట తినడం మీద వేల ఏండ్ల నిషేధం ఉన్న దేశంలో ఇది చిన్న ఆదేశం కాదు. ఆ వంటమనిషికి కేంద్రం 2009లో నెలకు 1000 రూపాయల గౌరవ వేతనం నిర్ణయించింది, అదీ ఏడాదిలో పది నెలలకే. పేరులో గౌరవం, చేతిలో వెయ్యి! రాష్ట్రాలు తరవాత కొంత కలిపాయి. ఉపాధ్యాయ మిత్రులు ఒక చిన్న పని చేయొచ్చు. వాళ్లు కూడా ఆ అన్నమే, పిల్లల పంక్తిలోనే కూర్చుని తినాలి. హెడ్‌మాస్టరు ఆమెను ‘ఏ లక్ష్మీ’ అని కాకుండా ‘లక్ష్మమ్మా’ అని పిలిస్తే పిల్లలు కూడా అట్లనే పిలుస్తారు. ఊళ్లో పిలుపు సంగతి మనకు తెలుసు. బీసీలకూ రెడ్లకూ మధ్య కూడా మామా, బావా, పెద్దవ్వా అని వరసలుంటాయి. వాడలో అరవై ఏండ్ల మనిషి మాత్రం పదేండ్ల పటేలు కొడుక్కు ‘ఎల్లిగాడు’. బడిలో ఆ వరస తిరగబడితే అది పాఠ్యపుస్తకం చేయలేని పని చేస్తుంది.

ఆఫీసుల్లో అవమానం మెత్తగా ఉంటుంది. ‘మీకేం, కోటా ఉంది’ అని నవ్వుతూ అంటారు. ఫైలు రాస్తే ఒకటికి రెండుసార్లు దిద్దుతారు, అదే తప్పు వేరేవాడు చేస్తే ‘పోనీలే’. కొత్తగా వచ్చిన దళిత ఉద్యోగికి ఆ ఊళ్లో అద్దె ఇల్లు దొరకదు, ఇంటి పేరు అడిగి మొఖం చాటేస్తారు. అతను పొద్దంతా ఒక్క తప్పు కూడా చేయకూడదని బిగబట్టుకుని పని చేస్తాడు, ఎందుకంటే అతని తప్పు అతని కులం తప్పవుతుంది. వైట్‌హాల్ గుమాస్తాకు లేని ఈ అదనపు బరువును ఏ శ్వాస వ్యాయామం తీస్తుంది? ప్రమోషన్ల రోస్టరు సరిగ్గా పాటించి, దాన్ని నోటీసుబోర్డు మీద పెట్టే అధికారి ఉన్న చోట ఈ బరువు సగం తగ్గుతుంది. నియమం కంటికి కనపడితే గుసగుసకు పని లేదు.

కులం పేరుతో తిట్టడం మీద 1989 అత్యాచారాల నిరోధక చట్టం ఉంది, దాని 2015 సవరణ 2016 జనవరి 26 నుంచి అమలులోకి వచ్చి సాంఘిక, ఆర్థిక బహిష్కరణను కూడా చేర్చింది. అయితే తిట్టు ‘నలుగురు చూసే చోట’ జరగాలి. 2020లో సుప్రీంకోర్టు ఒక కేసులో, బయటి వాళ్లెవరూ లేకుండా నాలుగు గోడల మధ్య అన్నది దీని కిందికి రాదంది. కనక గది తలుపు మూసి పిలిచినప్పుడు ఒంటరిగా పోవద్దు, సంఘం మనిషిని వెంట తీసుకుని పోవాలి.

ఆడవాళ్లకు ఇంకో దారి కూడా ఉంది. రాజస్థాన్‌లో బాల్యవివాహం ఆపడానికి పోయినందుకు 1992లో అత్యాచారానికి గురైన భన్వరీ దేవి ప్రభుత్వ పథకంలో పనిచేసే కుమ్మరి కులం ఆడమనిషి. ఆమెకు పని చోటంటే ఊరే. ఆ ఘటన తరవాతే 1997లో విశాఖ మార్గదర్శకాలు, 2013లో చట్టం వచ్చాయి. పదిమంది లోపు పనిచేసే చోట్ల కోసం, యజమాని మీదనే ఫిర్యాదు ఉన్నప్పుడు, జిల్లాలో స్థానిక కమిటీ ఉండాలి. ఆ కమిటీ నామినేటెడ్ సభ్యుల్లో ఒకరైనా దళిత, ఆదివాసీ, బీసీ లేదా మైనారిటీ మహిళ అయి ఉండాలి. ఫిర్యాదు మూడు నెలల లోపు ఇవ్వాలి. పొలంలో కూలికి పోయే ఆమె, వంటమనిషి, అంగన్‌వాడీ ఆయా అందరూ అక్కడికి పోవచ్చు. మీ జిల్లా కమిటీలో ఎవరెవరున్నారు, మండలంలో ఫిర్యాదు తీసుకునే నోడల్ అధికారి ఎవరు అని కలెక్టరాఫీసులో రాతపూర్వకంగా అడగండి. పేర్లు తీసుకుని వాడలో, బడి వంటగది గోడ మీద, పని కాడ రాసి పెట్టండి.